మునగని మోకాలు

బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు నాకు వీధి గుమ్మం దాకా వినబడుతుంది. ముసలిదానికి చెవులు మందగించాయని మా కోడలు అందరితోనూ అంటుంది. పిలిస్తే పలకకపోవడం వేరు, వినబడకపోవడం వేరు. నీళ్ళు పారబోసే చప్పుడు మాత్రం నేను నిద్రలో ఉన్నా వింటాను.

మొన్న అలాగే లేచి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాను. మా మనవరాలు మంచం మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో ఫోను తిప్పుతూ ఇంకో చేత్తో ఏదో రాసుకుంటోంది.

"ఏటే రాత్తన్నావు?"

"ఆదివారం చర్చిలో యూత్ మీటింగ్ ఉంది నానమ్మా. నేను మాట్లాడాలి. బైబిల్లో నీళ్ళకు అర్థం ఏమిటని. పాయింట్లు రాసుకుంటున్నా. జీవం, శుద్ధి, తీర్పు, విడుదల, ఆత్మ."

"కుళాయి కట్టడం అందులో ఏ పాయింటులో వత్తాది?"

మూతి ముడుచుకుంది. మళ్ళీ తనే, "పోనీ నువ్వు చెప్పు. నీకేం గుర్తొస్తుంది, బైబిల్లో నీళ్ళంటే?" అంది.

నేను మూడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. నాకు పాయింట్లు రావు. అనకాపల్లిలో మా వీధి చివరి చర్చిలో ఇప్పుడు నీలం పలకలు పరిచిన బాప్తిస్మం తొట్టె కట్టారు. మోటారు వేస్తే రెండు పాటలు పాడేలోగా నిండిపోతుంది. ఆ పిల్లకు నీళ్ళంటే అదే. నాకు మాత్రం నీళ్ళంటే బెల్లం పెనమే గుర్తుకొస్తుంది.

"బెల్లం పెనమా? బైబిల్లో బెల్లం ఎక్కడుంది నానమ్మా?"

"మా పేటలో ఉండేది. కాళ్ళు ముడుసుకో, కూకుంటాను" అన్నాను.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. శారదా ఏరు పేరుకే ఏరు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇసకే. మా పేట ఊరికి దిగువన ఉండేది. ఊరి బావిలో మేము చేద వేయకూడదు. గట్టు కింద బిందె పెట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోయాలి. ఆ దయ కోసం మెడ నొప్పి పుట్టేలా చూడడం కన్నా, ఏట్లో ఇసక తవ్వి చెలమ తీసుకోవడమే మాకు అలవాటు. గొయ్యి తవ్వితే అడుగున నీరు నెమ్మదిగా ఊరుతుంది. దాన్ని కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకోవడమే. ఊరివాళ్ళకూ చెలమలు ఉండేవి, ఎగువన. మావి దిగువన. ఇసక కింద నీరు ఒకటే అయినా ఇసక పైన హద్దులుండేవి.

మా మామ్మ, అంటే మా నాన్నకు అమ్మ, నీళ్ళ విషయంలో మనిషి కాదు, తాళంకప్ప. వంటింటి మూల ఇసక మీద తాగే నీళ్ళ కుండ. కుండ మీద మట్టి మూత. మూత మీద ఏటి నుంచి ఏరుకొచ్చిన నున్నటి నల్లరాయి. ఆ రాయి ఎత్తే అధికారం ఇంట్లో ఆవిడ ఒక్కదానిదే. చెరుకు గానుగ దగ్గర పొద్దుటి నుంచీ బెల్లం పెనం కాసి వచ్చిన మా నాన్న కూడా "అమ్మా, దాహం" అని గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. చిప్పతో ముంచి, అడుగు నుంచి కారే బొట్టు కూడా కుండలోనే రాలేట్టు చిప్పను అంచుకు రాసి, అప్పుడు ఇచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు. ముఖం కడిగిన నీళ్ళు ఆనపపాదుకు. మేం పిల్లలం ఏడిస్తే, "ఒంట్లో నీరంతా కళ్ళమ్మట పోతంది, ఊరుకో" అనేది.

నాకూ నా మార్గం ఉండేది. ఆ మూతకు ఒక పక్క పెచ్చు ఊడి వేలు దూరేంత సందుండేది. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. మామ్మ పెరట్లో గేదెకు కుడితి పెడుతుంటే, నేను ఆ సందులోంచి కాడ దూర్చి పీల్చేదాన్ని. బొప్పాయి పాల చేదు తగిలేది. అయినా ఆ చల్లదనం చిప్పలో ఇచ్చిన నీళ్ళకు ఉండేది కాదు. నీరు తగ్గిందని మామ్మ గోడ మీది బల్లిని తిట్టేది. బల్లి కూడా నాలాగే ఏమీ ఎరగనట్టు చూసేది.

ఆ ఎండల్లోనే మా అత్తకు సంబంధం కుదిరింది.

అత్త మా నాన్నకు చెల్లెలు. గుమ్మంలోంచి వంగి రావాల్సినంత పొడవు, దానికి తగ్గ ఒళ్ళు. చంకలో ఒక నిండు బిందె, నెత్తిన ఇంకొకటి పెట్టుకుని, నా చెయ్యి కూడా పట్టుకుని ఏటి గట్టు ఎక్కేది. అంతకు ముందు వచ్చిన సంబంధాలవాళ్ళు చోడి అంబలి తాగి, ఎండు మెత్తళ్ళ చేపల వేపుడు తిని, "పిల్ల పెళ్ళికొడుకు కంటే ఎత్తు" అని చెప్పి వెళ్ళిపోయారు. మామ్మకు పిల్లను వద్దన్నందుకు ఎంత కోపమో, మెత్తళ్ళు తిన్నందుకు అంతకన్నా ఎక్కువ కోపం.

ఈసారి వచ్చినవాళ్ళది మాకవరపాలెం. పెళ్ళికొడుకు ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేచోట పనిచేసేవాడు. అత్త కంటే జానెడు పొట్టి. ఆ సంగతి ఆయన పట్టించుకున్నట్టే లేదు. చూడటానికి వచ్చినప్పుడు నాకో లక్కపిడతల బుట్ట తెచ్చాడు. అందులో బొటనవేలంత ఎర్రటి బిందె ఉండేది. ఆ రోజే అది కనబడకుండా పోయింది. నేను ఇల్లంతా వెతికి ఏడిచి అలిసిపోయాక, అత్త పెట్టెలో, మంచి చీర మడతలో దొరికింది.

"ఇది నాది" అన్నాను.

"నీదే. నా దగ్గర ఉంటాది" అంది అత్త. అంత పెద్ద మనిషి ముఖం ఆ చిన్న బిందెంత ఎర్రగా అయింది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ సంబంధం తప్పిపోకూడదని.

అయితే పెళ్ళికొడుకు తండ్రి ఉన్నాడే, ఆయనతో వచ్చింది చిక్కు. మేము చిలకరింపు వాళ్ళం. మా అయ్యగారు, అంటే మా చర్చి పాదిరిగారు, పిల్లల నెత్తిన మూడు వేళ్ళతో నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చేవారు. ఆ కాసిని నీళ్ళకే మామ్మ "సాలు సాలు అయ్యగారూ, పిల్లకి పడిశం పడతాది" అనేది. మాకవరపాలెం వాళ్ళు ముంపు వాళ్ళు. మనిషి పూర్తిగా నీళ్ళలో మునిగి లేస్తేనే బాప్తిస్మం. పెళ్ళికొడుకు తండ్రిని నేను తాతయ్య అనేదాన్ని. బైబిలును రుమాల్లో చుట్టి, గొడుగుతో సహా చంకలో పెట్టుకుని వచ్చేవాడు. తను మునిగిన కాలువ గురించి, ఆ రోజు దాని లోతు గురించి, నీటి చల్లదనం గురించి ఎక్కడ కూర్చున్నా చెప్పేవాడు.

"పిల్ల మాకు నచ్చింది సెల్లెమ్మా" అన్నాడు మామ్మతో, మా తాటాకుల పంచలో కూర్చుని. "మునిగితే సాలు. సిలకరింపు పిల్లని నా ఇంటికి ఎలా తీసికెల్లను? మా సంగం ఊరుకోదు."

అయ్యగారు సర్దిచెప్పబోయారు. "నీళ్ళు ఎన్నని కాదు పెద్దాయనా, విశ్వాసం ఎంతని."

"యోర్దాన్లో ఏసుప్రెబువు మునిగేడా నేదా? కుష్టు రోగి ఆ సేనాదిపతి ఏడుసార్లు మునిగితేనే కదా ఒళ్ళు బాగయింది? ఏడు సుక్కలు సల్లుకోమన్నాడా పెవక్త?"

అయ్యగారు తల గోక్కున్నారు. మామ్మ గుమ్మం లోపలి నుంచే అందుకుంది.

"అన్నయ్యగోరూ, నాకు సదువు నేదు. ఒకటి అడుగుతాను. జలపెలయంలో మునిగినోలు ఎవులు?"

"పాపులు."

"ఓడలో ఉన్నోలు?"

"నోవహు, ఆయన కుటుంబం."

"ఆలు తడిసేరా?"

తాతయ్య బైబిలు మీది రుమాలు సవరించుకున్నాడు.

"ఎర్ర సముద్రంలో మునిగినోలు ఎవులు? పొడి కాల్లతో దాటినోలు ఎవులు? మునిగినోలందరూ పోనారు, తడవనోలందరూ బతికేరు. మీరు నా కూతుర్ని ఏ జట్టులో సేరమంతన్నారు?"

అయ్యగారు దగ్గొచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంత మాట తనకు ఇన్నేళ్ళుగా తట్టలేదని తర్వాత మా నాన్నతో అన్నారట. తాతయ్యకు కోపం రాలేదు గానీ, కదలనూ లేదు.

"అది తీర్పు సెల్లెమ్మా. ఇది రచ్చన."

"నరకంలో ఉన్న దనవంతుడు కూడా బిందెడు నీల్లు అడగనేదు. ఏలు తడిపి నాలిక మీద ఒక్క సుక్క వెయ్యమన్నాడు. ఒక్క సుక్కకి అంత ఇలువుంది" అంది మామ్మ. ఆవిడకు బైబిల్లో అన్నిటికన్నా నచ్చిన కథ అదే. ఆ ధనవంతుడు నరకానికి పోవడం వల్ల కాదు. అక్కడికి వెళ్ళాకయినా నీటి విలువ తెలుసుకున్నందుకు.

"ఆ సుక్క ఆడికి దొరకనేదు కదా!" అన్నాడు తాతయ్య, గెలిచినట్టు. గొడుగు తీసుకుని లేచాడు. "పెల్లికి ముందురోజు వత్తాము. నా కల్లతో నాను సూడాలి. మునిగితే మర్నాడు పెల్లి. నేకపోతే పిల్లని పంపకండి, మేమూ పట్టుకెల్లము."

సముద్రం దగ్గరకు తీసుకెళ్ళి ముంచేద్దామా అని మా నాన్న వెనకాలే పరిగెత్తి అడిగాడు. "అల వచ్చి ముంచితే అల ముంచినట్టు, అయ్యగారు ముంచినట్టు కాదు" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడాయన.

కాలువల్లో నీళ్ళు లేవు. ఊరి బావి మాది కాదు. అందుకని మా పేట మగవాళ్ళందరూ కలిసి ఏట్లో ఒక పెద్ద చెలమ తవ్వారు. అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఇసక కూలిపోకుండా చుట్టూ తాటిమట్టలు పాతి, వాటి వెనక చెరుకు పిప్పి కుక్కారు. గానుగ పని అయిపోయినా ఆ పిప్పికి ఇంకా తీపి వాసన పోలేదు. రెండో రోజుకు అత్త నడుము దాకా నీరు ఊరింది. తేటగా, అడుగున ఇసక రేణువులు లెక్కపెట్టేంత తేటగా. అత్త గట్టున కూర్చుని ఆ నీళ్ళలో తన ముఖం చూసుకునేది. నేను కాలు పెట్టబోతే మామ్మ తాటిమట్ట పుచ్చుకుని వచ్చేది. "అది పెల్లి నీరు! కాలెడతావా?" గేదెలు దిగుతాయేమోనని చీకటి పడేదాకా అక్కడే కూర్చుని కాపలా కాసింది.

గేదెలు రాలేదు. పెళ్ళికి ముందురోజు తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళు వచ్చారు.

మామ్మతో నేనూ వెళ్ళాను. చెలమకు కాస్త దూరంలో, ఇసకలో, బిందెలతో బారుగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు కామందమ్మ. మా నాన్న పనిచేసే గానుగ ఆవిడ వాళ్ళదే. ఎగువ చెలమలన్నీ రాత్రికి రాత్రే ఎండిపోయాయట. ఊరి బావిలో చేదకు బురద వస్తోందట. అయినా ఎవరూ "నీళ్ళు పొయ్యండి" అని అడగలేదు. అలా అడిగే అలవాటు వాళ్ళకు లేదు. మాకైతే చిన్నప్పటి నుంచీ ఉంది. కామందమ్మ ఏటి వైపు చూస్తూ, "మా ఇంట్లో బాలింత ఉంది" అంది, ఇసకతో చెప్పినట్టు.

మామ్మ చెలమ వైపు చూసింది. వాళ్ళ బిందెల వైపు చూసింది. మామ్మ బిందెల్ని చూసే చూపు నాకు తెలుసు. ఎంత పడుతుందో కళ్ళతోనే కొలిచేస్తుంది.

అప్పటికి అయ్యగారు కూడా వచ్చారు. మెల్లగా, "బావి దగ్గర సమరయ స్త్రీని ప్రభువు నీళ్ళు అడిగాడు కదమ్మా. వేరే జాతి అని ఆవిడ..." అని మొదలుపెట్టారు.

"నాకు సెప్పకండి ఆ కత" అంది మామ్మ. "ఆ యమ్మ బిందె బాయి కాడ వొగ్గేసి ఊర్లోకి లగెత్తింది. ఆ బిందె ఏటైనాదో అందులో ఎవులూ రాయనేదు. నాను సిన్నప్పుట్నించీ ఆలోసిత్తన్నాను."

అలా అంటూనే నడుముకు కొంగు చుట్టి చెలమలోకి దిగింది. చిప్ప తీసుకోలేదు. బిందెతోనే ముంచింది. "రండమ్మా. ఎండ ముదురుతంది. ఆ బిందె ఇలా ఇయ్యి. నీది సొట్ట బిందె, సగమే పడతాది, ఇంకోటి తెచ్చుకో."

గట్టు మీద అత్త నిలబడి చూస్తోంది. ఒక్కొక్క బిందె నిండుతుంటే నీళ్ళు మామ్మ నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు దిగిపోయాయి. చివరి బిందెకు తాటిమట్టలు లోపలికి ఒరిగాయి. పిప్పితో సహా ఇసక కూలి, చెలమ ఉన్నచోట చిన్న గుంట మిగిలింది. అత్త ఏడవలేదు. పైట చెంగుతో మామ్మ పాదాలకు అంటిన తడి ఇసక తుడిచింది. నేనే గట్టిగా ఏడ్చాను.

"ఈ పిల్లగుంట ఎందుకేడుత్తంది?" అని వెనక్కి తిరిగింది కామందమ్మ.

"మా అత్త పెల్లి మీరు పట్టుకెల్లిపోతన్నారు!" అన్నాను, బిందెలు చూపిస్తూ.

మా నాన్న నా నోరు మూయబోయాడు. ఇక దాచేదేముంది, అయ్యగారు జరిగినదంతా చెప్పారు. కామందమ్మ విన్నంతసేపు విని, "మద్దేన్నానికి వత్తారా పెల్లోరు?" అంది.

"బస్సు ఎక్కీసే ఉంటారు" అన్నాడు మా నాన్న.

"మనిషి మునగడానికి గొయ్యే కావాలేటి? మా గానుగ కాడ పెనం ఉంది కదేటి. కాయడం అయిపోనాది, కాలీగానే ఉంది." ఆ వెంటనే తన వెనక ఆడవాళ్ళ మీద విరుచుకుపడింది. "పట్టికెల్లిన బిందెలన్నీ సగం ఒంచీండే పెనంలో. నవ్వుతారేటి? పిల్ల పెల్లి!"

"నాను పప్పుకి ఎసట్లో పోసీసేనొదినా" అంది ఒకావిడ, అప్పుడే ఇంటికెళ్ళి వచ్చి.

"అయితే పప్పు అట్టుకురా."

అలా మా అత్త బాప్తిస్మం బెల్లం పెనంలో జరిగింది.

ఆ పెనం చూడనివాళ్ళకు చెప్పాలి. పెద్ద ఇనప పెనం. గుండ్రంగా, నలుగురు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత వెడల్పు. లోతు మాత్రం మోకాలి కిందకే. చెరుకు రసం మరిగించడానికి చేసింది గానీ మనుషుల్ని ముంచడానికి కాదు. మా నాన్న దాన్ని పొయ్యి మీద సరిగ్గా ఒంపు లేకుండా కూర్చోబెట్టాడు. ఎంత గోకినా అడుగున ఆ ఏడాది బెల్లం మాడు పొరగా అంటుకునే ఉంది. ఆడవాళ్ళు వరసగా వచ్చి నీళ్ళు పోశారు. అందరి బిందెల్లోంచీ పోసినా అంచుకు బెత్తెడు దిగువనే ఆగింది. మాడు నాని నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. గానుగ షెడ్డంతా తీపి వాసన. ఈగలు మాకన్నా ముందే వచ్చేశాయి.

తాతయ్య వచ్చి చూసి, "ఇదేటి?" అన్నాడు.

"యోర్దాను" అంది మామ్మ.

ఆయన గొడుగు కర్రతో లోతు చూశాడు. తల ఆడించాడు. "ఒల్లంతా మునగాలి. ఏ బాగమూ పైన ఉండకూడదు."

తెల్లచీర కట్టుకుని అత్త పెనంలో దిగి కూర్చుంది. మా అయ్యగారు బతుకంతా మూడు వేళ్ళతో నీళ్ళు చల్లిన మనిషి. ఒక్కళ్ళను ముంచిన పాపాన పోలేదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక, ప్రార్థన ముగించి, అత్త భుజాలు పట్టి వెనక్కి వాల్చారు. తల మునిగింది, మోకాళ్ళు పైకి లేచాయి. మోకాళ్ళు నొక్కారు. తల పైకి వచ్చింది, నోట్లో బెల్లం నీళ్ళతో.

"తీపుందే అమ్మా!" అంది అత్త.

"మాటాడకు, మునుగు!" అంది మామ్మ.

మళ్ళీ వాల్చారు. మా నాన్న కూడా వంగి సాయం పట్టాడు. తల మునిగింది, పొట్ట మునిగింది, ఎడమ మోకాలు మునిగింది. కుడి మోకాలు మాత్రం, కొబ్బరికాయ తేలినట్టు, పైనే ఉంది. ఎంత మెలితిప్పినా పెనం వెడల్పు చాలలేదు. అత్త లేచి ఊపిరి పీల్చుకుంది.

"ఆ మోకాలు మునగనేదు" అన్నాడు తాతయ్య.

"ఒక్క మోకాలే కదా పెద్దాయనా" అన్నారు అయ్యగారు, చొక్కా అంతా తడిసి.

"మిగతా పిల్లకి రచ్చన వచ్చింది. ఆ మోకాలు ఇంకా పాత మోకాలే."

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. అప్పటిదాకా వెనక నిలబడ్డ పెళ్ళికొడుకు పెనం దగ్గరికి వచ్చాడు. "నానా, ఆ మోకాలితో నాకు పేచీ నేదు."

"నీకు నేకపోతే సరా? దేవుడికి?" అన్నాడు తండ్రి.

ఇంకో బిందె నీళ్ళుంటే మునుగుతుంది. అది అందరికీ తెలుసు. బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. ఊరివాళ్ళు ఇళ్ళలో సగం దాచుకున్నదీ తాగడానికే. ఇంకా ఇవ్వమని ఎలా అడుగుతారు? అత్త పెనంలో కూర్చుని రెండు చేతులతో ఆ కుడి మోకాలిని కప్పుకుంది, దానిదే తప్పన్నట్టు.

మామ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కోపం వచ్చి వెళ్ళిందనుకున్నాం. కాసేపటికి పేట వైపు నుంచి వస్తూ కనబడింది. నడుం మీద మా తాగే నీళ్ళ కుండ. మూత లేదు, రాయి లేదు. నీళ్ళు అటూ ఇటూ ఊగకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

"పడుకోవే" అంది అత్తతో.

అయ్యగారు మళ్ళీ వాల్చారు. మామ్మ పెనం అంచున నిలబడి కుండ వంచింది. చిప్పకు ఇంతని కొలిచి ఇచ్చే మనిషి, బొట్టు వెనక్కి తీసే మనిషి, ధారగా పోసేసింది. నీళ్ళు మెల్లగా పైకి లేచాయి. మోకాలి చుట్టూ చేరాయి. తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు తొడల మీద ఆనించి వంగి చూస్తున్నాడు. కుండ అడుగున మిగిలినది కూడా మామ్మ దులిపింది. మోకాలి మీద నీళ్ళు కలుసుకున్నాయి. ఒక బుడగ వచ్చింది. రెప్పపాటు, అంతే.

"ఆమెన్" అన్నాడు తాతయ్య.

కామందమ్మతో సహా ఊరివాళ్ళు కూడా ఆమెన్ అన్నారు, ఎందుకో తెలియకపోయినా.

ఎండ నడినెత్తికి వచ్చింది. అందరికీ గొంతులు ఎండిపోయాయి. ముందు బయటపడింది తాతయ్యే. చెమట తుడుచుకుంటూ, "సెల్లెమ్మా, కాసిని మంచినీల్లు" అన్నాడు.

మామ్మ ఖాళీ కుండను నడుం మీదికి ఎత్తుకుంది. "ఉన్నయ్యన్నీ మీ కోడలి మోకాలికి పోసీసేను కదా అన్నయ్యా. మీరు సెప్పండి, సిలకరించమంటారా, ముంచమంటారా?"

పెనంలో నిలబడ్డ అత్త ముందు నవ్వింది. ఆమె నవ్వితే పెనం నీళ్ళన్నీ ఊగాయి. తర్వాత అందరూ నవ్వారు. ఆఖరికి తాతయ్య కూడా, ఎండిన గొంతుతో కీచుమని.

కామందమ్మ ఇంటి నుంచి చెంబుతో నీళ్ళు తెప్పించింది. ఆ నీళ్ళు పొద్దున మా చెలమవే. అలవాటు చొప్పున ఆయన ముందు కింద పెట్టబోయింది. పెట్టబోయి ఆగింది. చేతికే ఇచ్చింది. తాతయ్య దాహంలో ఉన్నాడు, గమనించలేదు. మామ్మ గమనించింది. వానలు పడ్డాక ఊరి బావి దగ్గర మళ్ళీ మామూలే. మా బిందెలు గట్టు కిందే, దయ కోసం మెడలు పైకే. "ఆ సెంబు ఒక్కసారే కదా" అని మా అమ్మ అంటే, "ఒక్కపాలైనా సేతికిచ్చింది. దానికి తెలుసు, నాకు తెలుసు" అనేది మామ్మ.

పెనంలో నీళ్ళను మామ్మ పారబోయనిచ్చిందా? గేదెకు పెట్టింది. గేదె ఆ రుచి మరిగి, మర్నాటి నుంచి కుడితి ముట్టలేదు. మిగిలింది ఆనపపాదుకు పోసింది. అత్త తల కడుక్కోవడానికి నీళ్ళు లేవు. బెల్లం జడతోనే పెళ్ళి పీట ఎక్కింది. ప్రమాణం చేస్తున్నంతసేపూ మెడ వెనక చీమలు. గోక్కుంటూ "అవును" అంది. మాకవరపాలెంలో ఆమెను పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. బెల్లం కోడలు అనేవారు. తాతయ్య తన కాలువ కథ మానేసి ఈ పెనం కథ మొదలుపెట్టాడట. ఆయన చెప్పిన ప్రతిసారీ ఆ పెనం లోతు పెరిగేదని అత్త చెప్పేది. ఆ లక్క బిందె అత్త పోయేదాకా ఆమె పెట్టెలోనే ఉంది.

"సూపర్ నానమ్మా, దీన్ని ఏ పాయింటు కింద పెట్టను? శుద్ధా, జీవమా?" అంది మనవరాలు.

"నాకేటి తెలుసు? ఆదివారం మీటింగయ్యాక ఆ నీలం తొట్టెలో నీల్లు ఏం సేత్తారో అడుగు."

"ఏం చేస్తారు, పైపు తీసి డ్రెయిన్లోకి వదిలేస్తారు."

ఆదివారానికని నేను రెండు బకెట్లు కడిగి గుమ్మం దగ్గర పెట్టాను. తోడు రమ్మంటే దానికి సిగ్గుట. వస్తుంది. నిండు బకెట్టు మోయడానికి నాకు నడుం లేదని దానికి తెలుసు.

ఒక్కటి దానికి చెప్పలేదు. బాప్తిస్మం అయిన ఆ సాయంత్రం, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. మామ్మ ఖాళీ కుండ తెచ్చి మూల ఇసక మీద కూర్చోబెట్టింది. మూత పెట్టింది. మూత మీద నల్లరాయి కూడా పెట్టింది.

"కాలీ కుండకి రాయెందుకే మామ్మా?" అన్నాను.

పెచ్చు ఊడిన సందు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"నీ బొప్పాయి కాడకి" అంది.